ముందు మొక్క, తర్వాతే మందు

భాద్రపద శుద్ధ చవితి ఉదయం తెలుగు ఇళ్లలో ఒక జాబితా వినిపిస్తుంది. మాచీ పత్రం పూజయామి, బృహతీ పత్రం పూజయామి, బిల్వ పత్రం పూజయామి అంటూ మొత్తం 21 పేర్లు. ఒక్కో పేరుకు ఒక్కో ఆకు వినాయకుడి మీద పడాలి. ఇప్పుడు చాలా ఇళ్లలో జరుగుతున్నది వేరు. బజారులో కట్టగా కొన్న పత్రిలోంచి చేతికి ఏది దొరికితే అది పడుతుంది. బృహతి అన్నప్పుడు జామాకు పడినా ఎవరూ గమనించరు. పేరు నోట్లో మిగిలింది, ఆకు చేతిలో మిగిలింది, రెంటినీ కలిపే చూపు తప్పిపోయింది. మూలికా వైద్యం నేర్పడం గురించి మాట్లాడాలంటే ఇక్కడినుంచే మొదలుపెట్టాలి, ఎందుకంటే ఈ పండగ ఒకప్పుడు పల్లెలో పిల్లలకు వృక్షశాస్త్రపు తొలి తరగతి.

ఆ తరగతి ఎంత పకడ్బందీగా ఉందో చూడండి. వానలు పడి రెండు మూడు నెలలు గడిచాయి. గట్ల మీద, బీళ్లలో మొక్కలు నిండుగా పెరిగి పూతకో కాతకో వచ్చి ఉంటాయి, గుర్తుపట్టడానికి ఇంతకన్నా మంచి కాలం లేదు. జాబితాలో కాళ్ల కింద పాకే గరిక ఉంది, బట్టలకు అంటుకునే ముళ్ల గింజల ఉత్తరేణి ఉంది, వావిలి, జిల్లేడు లాంటి పొదలున్నాయి, రావి, జమ్మి, మారేడు లాంటి వృక్షాలున్నాయి. ఇవన్నీ ఒకచోట దొరకవు. రేగు మెట్ట చేలల్లో, వావిలి కాలవ ఒడ్డున, అర్జునం వాగు పక్కన. దాని తెలుగు పేరే ఏరుమద్ది, చిరునామా పేరులోనే ఉంది. కాబట్టి పత్రి కోయడమంటే ఊరంతా ఒకసారి తిరిగి రావడం. చవితి ముందురోజు పెద్దవాళ్ల వెంట వెళ్లిన పిల్లకు ఏ నేలలో ఏది పెరుగుతుందో ఎవరూ పాఠంలా చెప్పకుండానే తెలిసేది.

ఈ 21లో మూడు విషాలున్నాయి. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు. మందుల తయారీని నియంత్రించే 1945 నాటి నిబంధనల్లో షెడ్యూల్ ఇ-1 అని ఒక పట్టిక ఉంది. ఆయుర్వేద, సిద్ధ, యునానీ మందుల్లో వాడే విషద్రవ్యాల చిట్టా అది. అందులో ధత్తూర, కరవీర, అర్క మూడూ ఉన్నాయి. గన్నేరు కోసిన చేతులు కడుక్కోవాలనీ, జిల్లేడు పాలు కంట్లో పడకూడదనీ, ఉమ్మెత్త కాయను నోటి దగ్గరికి తీసుకుపోకూడదనీ ఆ కోతలోనే తెలిసేది. మందు మొక్కలను పరిచయం చేసే పద్ధతి ఏదైనా విషాన్ని కూడా పరిచయం చేయాలి. ఈనాటి బోధనలో అన్నిటికన్నా ముందు జారిపోయింది ఈ సగమే. ‘ప్రకృతి సహజం కాబట్టి హాని లేదు’ అనే మాట ఎంత చెలామణిలో ఉందో చూస్తే ఆ నష్టం అర్థమవుతుంది.

ఇప్పుడు మూలికా జ్ఞానం అందే తోవ తలకిందులైంది. ఫోనులో వచ్చే వీడియో అయినా, పుస్తకాల షాపులో చిట్కాల సంకలనమైనా జబ్బుతో మొదలవుతుంది. షుగరుకు ఏ ఆకు, కిడ్నీలో రాళ్లకు ఏ ఆకు, జుట్టు రాలితే ఏ ఆకు. ముందు రోగం పేరు, దాని ఎదురుగా మొక్క పేరు. మొక్క ఒట్టి సమాధానం అయిపోయింది. నాటు వైద్యుడి శిష్యరికం ఇలా సాగదు. శిష్యుడు ముందు గురువు వెంట తిరుగుతాడు, తెమ్మన్నది తెస్తాడు, తప్పు తెస్తే తిట్లు తింటాడు, మళ్లీ వెళ్తాడు. దంచడం, నూరడం, వస్త్రగాళితం పట్టడం (పొడిని గుడ్డలో జల్లించడం) ఆ తర్వాత. రోగి నాడి మీద చెయ్యి వేయడం ఎప్పటికో.

వరస తలకిందులైతే ఏమవుతుందో గలిజేరు చెబుతుంది. మూత్రపిండాలకు మంచిదంటూ ఈ పేరు కొన్నేళ్లుగా తెలుగునాట మారుమోగుతోంది. అయితే గలిజేరు అనే పేరు రెండు మొక్కలకు ఉంది. ఒకటి అటికమామిడి, సంస్కృతంలో పునర్నవ. నేల మీద పరచుకుంటుంది, దుంపలా లావెక్కే వేరు, సన్నని కాడల చివర చిన్న గులాబీ పూలు, చేతికి జిగురుగా అంటుకునే కాయలు. రెండోది అంబటిమాడు. ఆకు కండగా ఉంటుంది, పువ్వు ఆకు మొదట్లో కాడే లేనట్టు అతుక్కుని ఉంటుంది, వానకు చేలల్లో కలుపుగా ముంచెత్తుతుంది. పునర్నవ వేరుకు బదులు రెండోదాని వేరు అంగట్లోకి రావడం ఆయుర్వేద వ్యాపారంలో పాత సమస్య. ఈ రెండో మొక్క వేరుకు గర్భస్రావం కలిగించే గుణం ఉందని గ్రంథాలూ హెచ్చరిస్తాయి. పువ్వు ఎక్కడ పూసిందో ఒక్క క్షణం వంగి చూస్తే తేలిపోయే తేడా ఇది. వంగి చూడమని చెప్పేది మాత్రం ఎవరు?

పేరు పొరపాటు ప్రాణాల మీదికి ఎలా వస్తుందో ప్రపంచానికి తెలిసింది బెల్జియంలో. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి చైనా మూలికల పొడి తీసుకున్న మహిళల్లో వంద మందికి పైగా మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సర్ వచ్చింది. చైనా వైద్యంలో ఫాంగ్ జీ అనే పేరు ఒకటికన్నా ఎక్కువ మొక్కలకు ఉంది. వాడాల్సింది స్టెఫానియా జాతి, పొడిలో కలిసింది అరిస్టోలోకియా జాతి. రెండో దానిలో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను తినేస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆ జాతి మొక్కలను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. అది ఎక్కడో దూరపు కథలా కనిపిస్తుంది కానీ అరిస్టోలోకియా తెలుగు పొలాల్లోనూ ఉంది. నల్లరేగడి చేలల్లో పెరిగే గాడిదగడపాకు ఆ జాతిదే. పిల్లల కడుపులో పురుగులకు, గజ్జికి వాడుతూ వచ్చిన ఆకు. దీన్ని నేర్పే గురువు ‘ఇది పూర్వం ఇలా వాడేవారు, లోపలికి ఇక వాడకూడదు’ అని చెప్పగలగాలి. సంప్రదాయానికి అవమానమేమీ జరగదు. పసరు కంట్లో పోయడం మాన్పించిన వైద్యులూ సంప్రదాయంలోని వాళ్లే.

సరైన మొక్కను గుర్తించినంత మాత్రాన కథ ముగియదని తిప్పతీగ గుర్తుచేసింది. కరోనా రోజుల్లో కషాయాలుగా కాచి నెలల తరబడి తాగినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు 2021లో ముంబై వైద్యులు రాశారు. తిప్పతీగను పోలిన మరో జాతి కలిసి ఉండవచ్చని మొదట ఒక వాదన వచ్చింది. ఆ జాతి కాడ మీద బొడిపెలు ఎక్కువగా ఉంటాయి, చూస్తే తెలుస్తుంది. తర్వాత దేశంలోని పలు ఆసుపత్రుల కేసులను కలిపి చూసినప్పుడు అసలు తిప్పతీగ వాడినవారిలోనూ హాని కనిపించింది. శరీరం తన కాలేయం మీద తానే దాడి చేసుకునే తత్వం లోపల దాగి ఉన్నవారిలో అది బయటపడిందని ఆ వైద్యులు భావించారు. అంటే మొక్క తెలియడం మొదటి మెట్టు. ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు అన్నవి ఆ పైమెట్లు.

ఈ మెట్ల సంగతి చరక సంహిత సూత్రస్థానం మొదటి అధ్యాయంలోనే ఉంది. మొక్కలను పేరుతో, రూపంతో ఎరిగినవారు మేకలు కాచేవారు, గొర్రెల కాపరులు, గోపాలకులు, అడవిలో ఉండేవారు అని ఆ గ్రంథం ఒప్పుకుంటుంది. వెంటనే, పేరూ రూపమూ తెలిసినంత మాత్రాన మొక్క పూర్తిగా తెలిసినట్టు కాదని కూడా అంటుంది. తెలియని మందు విషం లాంటిది, కత్తి లాంటిది, నిప్పు లాంటిది, పిడుగు లాంటిది, తెలిసిన మందు అమృతం. ఇందులో ఒక విద్యా ప్రణాళిక ఉంది. పేరు, రూపం నేర్పాల్సింది కాపరి. యోగం (ఎలా వాడాలో), మాత్ర (మోతాదు) నేర్పాల్సింది వైద్యుడు. ఆయుర్వేద కళాశాలల్లో ద్రవ్యగుణ శాస్త్రం (ఏ మందు పదార్థం ఒంట్లో ఎలా పనిచేస్తుందో చెప్పే పాఠం) రసం, గుణం, వీర్యం, విపాకం, ప్రభావం అంటూ రెండో సగాన్ని చక్కగా నేర్పుతుంది. మొదటి సగానికి మాత్రం కాపరి తరగతి గదిలోకి రాలేదు. బాటనీ విద్యార్థికి లాటిన్ పేరు వస్తుంది, ఆయుర్వేద విద్యార్థికి శ్లోకం వస్తుంది, మేకల కాపరికి మొక్క వస్తుంది. ముగ్గురూ ఒక గట్టు మీద కూర్చునే ఏర్పాటే లేదు.

తెలుగు పేర్లనే పాఠ్యపుస్తకంగా తీసుకుంటే సగం పని అయిపోతుందనిపిస్తుంది. నేలవేము అనగానే పొట్టి మొక్క, వేపలా చేదు అని తెలిసిపోతుంది. నల్లేరు పలకల కాడ, కణుపు కణుపుకూ విరుగుతుంది, ఎముక అతకడానికి వాడడం ఆ రూపం చూసి పుట్టిన ఊహ కావచ్చు. నేల ఉసిరి మరీ అందమైన పేరు. ఉసిరి కొమ్మను చిన్నది చేసి నేల మీద నాటినట్టుంటుంది, రెమ్మ కింద వరసగా ఆవగింజలకన్నా కాస్త పెద్ద కాయలు. ఆ కాయకు చిన్న కాడ ఉందా, రెమ్మకే అతుక్కుందా అని చూస్తే దాని చుట్టాల్లోంచి దాన్ని వేరు చేయవచ్చు. ఇలా విడదీసి గుర్తుపట్టడం శాస్త్రవేత్తలనే చాలాకాలం తికమక పెట్టింది. భారతీయ గ్రంథాలు దీన్ని ఫిల్లాంథస్ నిరూరి అని రాస్తూ వచ్చాయి, ఆ పేరు నిజానికి అమెరికా ఖండాల మొక్కది. మన గట్టు మీదిది ఎక్కువగా ఫిల్లాంథస్ అమారస్.

1988లో మద్రాసు పరిశోధకులు ఈ అమారస్ మీద చేసిన ప్రయోగం లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. హెపటైటిస్ బి వైరస్ రక్తంలో ఉన్న 37 మందికి మందు ఇస్తే 22 మందిలో వైరస్ గుర్తు మాయమైంది, ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ప్రపంచం ఉలిక్కిపడింది. తర్వాత ఇతర దేశాల్లో చేసిన ప్రయోగాల్లో ఆ ఫలితం తిరిగి రాలేదు. మొక్క పెరిగిన చోటు, కోసిన కాలం, జాతి వేరు కావడం కారణమా అన్న చర్చ నడిచింది. తరగతిలో చెప్పదగిన కథ ఇది, పూర్తిగా, ఆశ కలిగించిన భాగమూ నిరాశపరిచిన భాగమూ కలిపి. మొదటి సగం చెప్పి ఆపేస్తే ప్రచారం, రెండో సగం ఒక్కటే చెబితే చులకన.

కామెర్ల పసరు గురించి ఊళ్లలో ఉండే నమ్మకాన్నీ ఇలాగే విప్పి చూపవచ్చు. కలుషితమైన నీటి ద్వారా సోకే హెపటైటిస్ ఎ వల్ల వచ్చిన కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. ఆ వారాల్లో పసరు తాగితే పేరు పసరుకు వస్తుంది. పైత్యనాళంలో రాయి అడ్డుపడి వచ్చిన కామెర్లు అలా తగ్గవు, అప్పుడు పసరు కోసం ఆగిన రోజులే ప్రమాదం. పాముకాటు కూడా అంతే. కరిచిన పాములో విషం లేకపోతే ఏ వేరు నూరి పెట్టినా బతుకుతారు, నాగుపామో కట్లపామో అయితే ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు ఇంజక్షన్ తప్ప దారి లేదు. పదేళ్ల పిల్లలకు ఈ తర్కం అర్థమవుతుంది. పొడపత్రి ఆకు ఒకటి చాలు మొదలుపెట్టడానికి. గురువు గుర్తించి ఇచ్చిన ఆకును నమిలి పంచదార నోట్లో వేసుకుంటే ఇసుకలా ఉంటుంది. ఉప్పు, పులుపు మామూలుగానే తెలుస్తాయి. ఆకులోని పదార్థం నాలుక మీద తీపిని పట్టే చోట్లను కాసేపు మూసేస్తుంది. ఇక్కడ ఒక ప్రశ్న వేయాలి. నాలుకకు తీపి తెలియకపోతే రక్తంలో చక్కెర తగ్గినట్టేనా? మొదటిది తరగతిలోనే తేలింది. రెండోది తేలాలంటే రక్తపరీక్ష కావాలి. నాలుక నుంచి నెత్తురుకు ఉన్న ఈ దూరం తెలిసిన పిల్ల ఏ వీడియోకూ తేలిగ్గా మోసపోదు.

బళ్లలో మూలికా వనాల పథకం చాలాకాలంగా ఉంది, 2000లో ఏర్పడిన జాతీయ ఔషధ మొక్కల బోర్డు దానికి సాయం చేస్తుంది. ఉద్దేశం మంచిదే. కానీ ఈ వనాల్లో కనిపించేవి తులసి, కలబంద, నిమ్మగడ్డి, తిప్పతీగ, ఒక్కోదానికి ఒక రేకు బోర్డు. మే నెల సెలవుల్లో నీళ్లు పోసేవారు లేక వనం ఎండిపోతుంది, బోర్డులు మిగులుతాయి. అదే బడి ప్రహరీ అవతల ఎవరూ నాటకుండానే గుంటగలగర, పల్లేరు, ఉత్తరేణి, రెడ్డివారి నానుబాలు, కుప్పింటాకు, తుంగ పెరుగుతుంటాయి. పల్లె వైద్యంలో వాడుకలో ఉన్న మొక్కల్లో పెద్ద భాగం రైతు లెక్కలో కలుపే. తుంగనైతే ప్రపంచంలోకెల్లా మొండి కలుపుగా శాస్త్రవేత్తలు పేర్కొన్నారు, ఆయుర్వేదంలో అదే ముస్త, జ్వరానికీ అజీర్తికీ మందు. కలుపు మందు పిచికారీ చేసిన గట్టు మీద ఆ సంవత్సరం పాఠమే ఉండదు. కొత్తగా వనం వేయడానికి పెట్టే ఖర్చులో కొంత, బడి వెనక రెండు సెంట్ల నేలను పీకకుండా, పిచికారీ చేయకుండా వదిలేయడానికి పెడితే (అసలు ఖర్చే ఉండదు) ఏడాది పొడుగునా ఏది ఎప్పుడు మొలిచిందో పిల్లలు రాసుకోవచ్చు.

మోతాదు నేర్పడం కష్టమైన భాగం. పాత కొలతల్లో చిటికెడు, చారెడు, గుక్కెడు ఉన్నాయి, గురివింద గింజ ఎత్తు ఉంది. ఆ గురివింద గింజే షెడ్యూల్ ఇ-1లో ఉన్న మరో విషం, మందును తూచిన రాయి కూడా మింగరానిది. ఒకే ఆకు ఇద్దరికి ఒకేలా పనిచేయదు కూడా. కుప్పింటాకును కూరగా వండుకునే శ్రీలంకలో, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవారికి ఆ ఆకు తిన్నాక ఎర్ర రక్తకణాలు చిట్లిపోయిన సంఘటనలను వైద్యులు నమోదు చేశారు. అందువల్ల బడి స్థాయిలో గీత స్పష్టంగా ఉండాలి. గుర్తించడం, బొమ్మ గీయడం, నొక్కి ఎండబెట్టి పేరు రాయడం, పెద్దల వాడుకను వినడం వరకూ అందరికీ. కూరగా, పచ్చడిగా ఇంట్లో వాడేవి రుచి చూడవచ్చు. అంతకు మించిన చికిత్స చదువుకున్న వైద్యుడి పని. మేత మేసే మేక వేరు, మందు ఇచ్చే చెయ్యి వేరు.

ఇక నేర్పేదెవరు? నల్లమల చెంచులు, గోదావరి ఒడ్డు కోయలు, కొండరెడ్లు, మన్యంలో బగతలు, సవరలు, మైదానంలో గొల్ల కురుమలు, పాత తరం మంత్రసానులు. వీరిలో చాలామంది మందు పేరు బయటపెట్టరు. చెబితే మందు పనిచేయదన్న నమ్మకం ఉంది. దాన్ని మూఢత్వమని కొట్టిపారేయడం తొందరపాటు. అందరికీ తెలిస్తే అడవిలో ఆ వేరు మిగలదన్న అనుభవం ఆ నమ్మకం వెనక ఉండి ఉండవచ్చు. పైగా చెప్పినవారికి దక్కిందేమిటి? 1987లో కేరళ అగస్త్య కొండల్లో పరిశోధకులకు దారి చూపిన కాణీ గిరిజనులు ఒక కాయ తింటూ అలుపు లేకుండా నడిచారు. అడగగా అడగగా మొక్కను చూపించారు. ఆరోగ్యపచ్చ అనే ఆ మొక్క నుంచి జీవని అనే మందు వచ్చింది, పాలోడులోని వృక్ష పరిశోధన సంస్థ తనకు వచ్చిన సొమ్ములో సగం కాణీల ట్రస్టుకు ఇచ్చేలా ఒప్పందం జరిగింది. అలాంటి ఉదాహరణలు దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు (ఊళ్లోని మొక్కలు, జీవులు, వాటి గురించి జనానికి తెలిసినది రాసే పుస్తకం) రాయాలి. 2023 సవరణ, గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానాన్ని వాడేవారికి లాభాల పంపకం నుంచి మినహాయింపు ఇచ్చింది. పుస్తకంలో ఉన్నదేదో, చెంచు నోట ఉన్నదేదో తేల్చే రుజువు కావాలంటే ఆ రిజిస్టరు నిజాయితీగా నిండాలి. చెప్పినవారి పేరు, వారు ఒప్పుకున్న మేరకే వివరం. ఆ పని బడి పిల్లలకు అప్పగిస్తే చదువూ జరుగుతుంది, రిజిస్టరూ జరుగుతుంది.

కోయడం కూడా పాఠమే. ఆకు గిల్లితే మొక్క మళ్లీ చిగురిస్తుంది, వేరు తవ్వితే చస్తుంది, బెరడు చుట్టూ ఒలిస్తే చెట్టు నిలబడే ఎండిపోతుంది. రాయలసీమ వేసవి నన్నారి షర్బత్తులో వాడేది చాలాసార్లు సుగంధిపాల వేరు కాదు, కొండల్లో రాళ్ల సందున పెరిగే మారేడు గడ్డ. పేర్ల గందరగోళం ఇక్కడా ఉంది, మారేడు చెట్టుకూ ఈ తీగకూ సంబంధం లేదు. గడ్డ తవ్వుకుపోతే తీగ మిగలదు. అది అడవుల్లో అపాయం అంచున ఉన్న జాతి. గ్లాసు షర్బత్తు ముందు పెట్టి ఈ కథ చెప్పవచ్చు.

2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు సంచి లేని పది రోజులు ఇచ్చింది, ఊళ్లో పనివాళ్ల దగ్గర నేర్చుకోవడానికి. వడ్రంగి, తోటమాలి, కుమ్మరి అని ఉదాహరణలు చెప్పింది. ఆ వరసలో మేకల కాపరినీ చేర్చి, పది రోజుల్లో ఒకటి చవితి ముందురోజుకు కేటాయిస్తే చాలు. సాయంత్రానికి 21 గడులు గీసిన అట్ట మీద ఆకులు అతికిస్తారు. ఏరుమద్ది, వావిలి, ములక (బృహతి) దొరుకుతాయి. దేవదారు దగ్గర ఆగాల్సి వస్తుంది. హిమాలయాల్లో పెరిగే ఆ చెట్టు ఇక్కడ లేదు, మన కొండల్లో దేవదారి అనే పేరుతో ఉన్నది వేరే చిన్న చెట్టు, ఆ సంగతి పక్కన రాయాలి. 17వ పేరు గండకీ. ఒకరు దేవకాంచనమంటారు, మరొకరు గరిక లాంటి తీగ అంటారు, పండితులకే కుదరలేదు. ఆ గడిలో తోచిన ఆకు అతికించకుండా ఖాళీగా ఉంచి, కింద ఇద్దరి మాటా రాసి, అట్టను గోడకు తగిలించాలి.